కళాశాలలలో వ్యవస్థాపక విద్య

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు పరీక్షాఫలితములను, ఆటల పోటీలను, గ్రంథాలయమున చేరిన పుస్తకముల సంఖ్యను చదివి వినిపించుట మన పాఠశాలలో ఆచారము. ఈ సంవత్సరపు నివేదిక అచ్చయి మీ చేతులలో ఉన్నది. దానినే మరల చదివి మీ కాలమును హరింపను. ఒక తండ్రి నన్ను అడిగిన ప్రశ్నకు ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఆ సమాధానమును ఈనాడు మీ అందరి ఎదుట చెప్ప ప్రయత్నించెదను.

మన బడిలో చదువుకొని పోయిన ఒక బాలిక ఇటీవల కళాశాలలో చేరినది. ఆమె తండ్రిగారు మన హోసూరు పూలమండీలో వ్యాపారము చేయువారు. ఒకనాటి ఉదయము కళాశాలవారిచ్చిన పాఠ్యప్రణాళికను చేతబట్టుకొని నా గదికి వచ్చిరి. అందులో ‘ఆంట్రప్రెన్యూర్‌షిప్’ అను పాఠ్యాంశమొకటి ఉన్నది. “అయ్యవారూ, ముప్పై ఏండ్లుగా పూలు అమ్ముతున్నాను. నాకెవరూ పాఠం చెప్పలేదు. వ్యాపారం కాలేజీలో నేర్పేదేనా? దీనికి నేను ఫీజు కట్టాలా? బ్యాంకు పరీక్షకు పనికొచ్చేది ఏదైనా పెట్టించకూడదా?” అని అడిగిరి.

ఆ మాటలో మూడు ప్రశ్నలున్నవి. వ్యాపారము నేర్పిన వచ్చునా అనునది మొదటిది. కళాశాలలో నేర్పునది నిజముగా వ్యాపారమేనా అనునది రెండవది. మన పిల్లలకు ఉద్యోగముకన్న వేరు దారి చూపవచ్చునా అనునది మూడవది. ఆయన దీనిని పైకి అనలేదు గాని, ఆయన కన్నులలో కనబడినది ఇదే.

ముందుగా మాటనుగూర్చి ఒక మాట. నోరు తిరుగని ఆ ఇంగ్లీషు పదమునకు మనవారు ఔత్సాహిక పారిశ్రామికత యనియు, వ్యవస్థాపకత యనియు పేరులు పెట్టినారు. ఒక పనిని తన పూనికతో, తన పూచీతో నెలకొల్పి, నడిపి, నలుగురికి పని కల్పించు నేర్పు అని దాని భావము. నేను వ్యవస్థాపక విద్య అనెదను. ఉన్న అంగడిలో కూర్చుండుట వేరు, లేని అంగడిని పుట్టించుట వేరు. ఈ విద్య రెండవదానికి సంబంధించినది.

ఈ విద్య కళాశాలలలో ప్రవేశించి ఎనుబది యేండ్లు కావచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి సైనికులు ఇండ్లకు తిరిగివచ్చిన దినములలో, 1947లో, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు వాణిజ్య కళాశాలలో మైల్స్ మేస్ అను ఆచార్యుడు కొత్త సంస్థల నిర్వహణనుగూర్చి ఒక పాఠ్యక్రమమును ఆరంభించెను. 188 మంది విద్యార్థులు అందులో చేరిరి. ఆ తరువాత ఇరువది యేండ్లకు పైగా ఈ మొక్క పెద్దగా ఎదుగలేదు. పెద్ద కంపెనీలలో మేనేజరుగా చేరుటయే వాణిజ్య విద్యకు పరమార్థమని అక్కడివారును తలంచిరి. 1970 తరువాత పెద్ద కంపెనీలు పనివారిని తగ్గింపసాగినప్పుడు చిన్న సంస్థల విలువ తెలిసినది. ఈ శతాబ్దము ఆరంభమగునాటికి ఆ దేశమున 1,600కు పైబడిన కళాశాలలలో 2,200కు పైగా ఇట్టి పాఠ్యక్రమములు నడుచుచుండెను.

అమెరికా మాట అట్లుంచుడు. మీకు ఆశ్చర్యము కలిగించు సంగతి వేరొకటి కలదు. వ్యాపారపు పూనిక పుట్టుకతో వచ్చునా, నేర్పిన వచ్చునా అను ప్రశ్నకు ప్రపంచమున తొలుదొలుత జరిగిన పెద్ద పరీక్షలలో ఒకటి మన తెలుగువారి నడుమనే, కాకినాడలో జరిగినది.

డేవిడ్ మెక్లీలండ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు హార్వర్డులో ఉండెను. కొన్ని జాతులు సంపదలో ముందునకు పోవుటకును, కొన్ని వెనుకబడుటకును కారణమేమి అని ఆయన వెదకెను. గనులనో ఓడరేవులనో కాక పిల్లల వాచక పుస్తకములను తీసి చూచెను! అనేక దేశముల చిన్న తరగతుల వాచకములలోని కథలను చదివించి, ‘ఒక పనిని ఇంకను బాగుగా చేయవలెను’ అను పట్టుదల ఏ దేశపు కథలలో ఎంత కనబడుచున్నదో లెక్క కట్టించెను. అట్టి కథలు ఎక్కువగా ఉన్న దేశములు తరువాతి కాలమున వేగముగా అభివృద్ధి చెందినవని 1961లో ప్రచురించిన గ్రంథమున వ్రాసెను. తరువాతి పరిశోధకులు ఆ లెక్కను మరల సరిచూచి, ఆ సంబంధము అంత గట్టిది కాదనిరి. ఐనను, చిన్న తరగతి వాచకమునకు ఒక దేశపు సంపదతో సంబంధమున్నదేమో అని ఒక పండితుడు ఆలోచించినాడన్న సంగతి నావంటి బడిపంతులుకు కొంత గర్వకారణము కాకపోదు.

ఆ పట్టుదలకు ఆయన పెట్టిన పేరు సాధనాకాంక్ష అని మన భాషలో చెప్పుకొనవచ్చును. అది పుట్టుకతో వచ్చు గుణము కాదనియు, పెద్దవారికిని నేర్పవచ్చుననియు ఆయన వాదము. వాదము చాలదు గదా! నిరూపింపవలెను. అప్పటికి హైదరాబాదులో చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ నెలకొల్పబడి యుండెను. ‘సియెట్’ అని వాడుక. ఈనాడు దానికి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ అని పేరు. 1964లో ఆరంభించి కాకినాడలోని 52 మంది వ్యాపారులను, చిన్నపరిశ్రమల వారిని జట్టులు జట్టులుగా ఆ సంస్థకు పిలిపించి శిక్షణ యిచ్చిరి. మన తమిళనాడులోని వేలూరు వారును కొందరు శిక్షణ పొందిరి. పోల్చి చూచుటకై శిక్షణ పొందని వ్యాపారులనుగూడ గమనించిరి.

ఆ శిక్షణలో జమాఖర్చులు నేర్పలేదు. డబ్బును ఈయలేదు. ఒక బొమ్మను చూపి కథ వ్రాయుమనిరి. ఆ కథలో మనుష్యుడు ఏమి కోరుచున్నాడు, అడ్డంకి వచ్చినప్పుడు ఏమి చేయుచున్నాడు అని వ్రాసినవానిచేతనే పరిశీలింపజేసిరి. రాబోవు రెండు సంవత్సరములలో తన వ్యాపారమున తాను చేయదలచినదేమో ప్రతివాడును కాగితముపై వ్రాయవలసి వచ్చెను. మరి ఒక ఆట ఆడించిరి. నేలపై ఒక గూటమును నిలిపి, చేతికి కొన్ని వలయములిచ్చి, నీకిష్టమైన చోట నిలువబడి గూటమునకు పడునట్లు విసరుమందురు. కొందరు గూటమును ఆనుకొని నిలుతురు, ప్రతి వలయమును పడును గాని అందులో గెలుపు లేదు. కొందరు చాలదూరము పోయి విసరుదురు, పడిన అదృష్టము, పడకున్న ఎవ్వరును తప్పు పట్టరు. సాధనాకాంక్ష కలవాడు నడిమి దూరమున నిలుచును. పడవచ్చును, పడకపోవచ్చును, కాని పడుట తన నేర్పుపై ఆధారపడి ఉండవలెను.

ఈ ఆటను మన తొమ్మిదవ తరగతి పిల్లలచేత నేనును ఆడించి చూచితిని. వడ్రంగిచేత గూటము చేయించితిని, వలయములకు సైకిలు టైరు ముక్కలు. మొదట ఒకరు నిలిచినచోటనే తక్కినవారందరును పోయి నిలిచిరి! నవ్వు వచ్చినది గాని, తరువాత ఆలోచింపగా అది నవ్వవలసిన సంగతి కాదనిపించినది. పదేండ్లుగా ‘వరుసలో నిలువుడు’ అని మేము నేర్పినదే వారు చేసిరి. ఒక బాలిక మాత్రము ప్రతి విసరునకు పిదప ఒక అడుగు వెనుకకో ముందునకో జరుగుచుండెను. ఆమె లెక్కలలో వెనుకబడిన పిల్ల అని మా రిజిస్టరులో ఉన్నది.

కాకినాడ వారి సంగతి ఏమైనదందురా? రెండేండ్ల తరువాత విచారింపగా, శిక్షణ పొందినవారిలో సుమారు సగముమంది కొత్త వ్యాపారము పెట్టుటయో, ఉన్నదానిని పెంచుటయో, కొత్త యంత్రము కొనుటయో చేసియుండిరి. శిక్షణ పొందనివారిలో అట్టివారు తక్కువ. వారు ఎక్కువ పెట్టుబడి పెట్టిరి, ఎక్కువమందికి పని కల్పించిరి. ఈ ఫలితములను మెక్లీలండును, ఆయన సహచరుడు డేవిడ్ వింటరును 1969లో గ్రంథముగా ప్రచురించిరి. మరియొక సంగతి. మన ఆచారములు, నుదుటి బొట్టు, కట్టు పంచె, ఉమ్మడి కుటుంబము వ్యాపారాభివృద్ధికి అడ్డమని ఆనాటి పాశ్చాత్యులు పలువురు వ్రాయుచుండిరి. సంప్రదాయ విశ్వాసములు ఆ వ్యాపారుల పూనికకు అడ్డము కాలేదని కాకినాడలో తేలినది. కావున ఆ పూలమండీ తండ్రిగారి మొదటి ప్రశ్నకు సమాధానము కాకినాడనుండియే చెప్పవచ్చును. నేర్పిన వచ్చును, అందరికిని రాదు, సగముమందికి వచ్చిన అది తక్కువ కాదు.

కాకినాడ విత్తనమును బాగుగా పండించినవారు గుజరాతువారు. 1970 నుండి అక్కడి ప్రభుత్వ సంస్థలు వ్యాపారకుటుంబములకు చెందని యువకులను ఏరి, శిక్షణ యిచ్చి, సాంకేతిక విద్య కలవారికి తాకట్టు లేకుండ ఋణమును ఇప్పించినవి. శిక్షణ, ఋణము, స్థలము, వెంటనుండి నడిపించువాడు, ఇవన్నియు ఒకచోట దొరకుటయే అందులోని విశేషము. ఆ అనుభవముతో 1983లో అహమ్మదాబాదునందు జాతీయస్థాయి వ్యవస్థాపకతా సంస్థ వెలసినది. విజ్ఞానశాస్త్ర కళాశాలలలోను, ఇంజనీరింగు కళాశాలలలోను ఈ భావమును వ్యాపింపజేయుటకు కేంద్రప్రభుత్వము 1982లో ఒక మండలిని ఏర్పరచినది. మన రాష్ట్రమున తిరుచ్చిరాపల్లి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ఆవరణములో 1986లో వ్యవస్థాపకుల పార్కు ఏర్పడినది. మదరాసు ఐ.ఐ.టి. వారి పరిశోధన పార్కు 2010లోను, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఆవరణములో టీ-హబ్ 2015లోను వచ్చినవి. కొత్త సంస్థకు మొదటి రెండు మూడేండ్లు గది, యంత్రము, సలహా ఇచ్చి కాపాడు ఇట్టి స్థలములను ఇంక్యుబేటరులందురు. కోడిగ్రుడ్లను వెచ్చగా పొదిగించు పెట్టెకును అదే పేరు.

2016లో స్టార్టప్ ఇండియా అను ఉద్యమము వచ్చిన పిదప వేగము హెచ్చినది. 2018 నుండి కేంద్ర విద్యాశాఖ ప్రేరణతో వేలకొలది కళాశాలలలో నూతన కల్పనల మండలులు ఏర్పడినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము వృత్తినైపుణ్యములను సాధారణ విద్యతో కలుపవలెనన్నది. మన అమ్మాయిల, అబ్బాయిల పాఠ్యప్రణాళికలలో ఈ పాఠము కనబడుటకు ఇదియే కారణము.

ఇక రెండవ ప్రశ్న. కళాశాలలో నేర్పునది నిజముగా వ్యాపారమేనా?

కొంత అవును, కొంత కాదు. ముందు మంచిని చెప్పెదను. నా చిన్నతనమున మా నాయనగారికి ఒక చిల్లర అంగడి ఉండెను. ఉదయము ఐదు గంటలనుండి రాత్రి పది గంటలవరకు అందరమును అందులోనే. సరకు ఎల్లప్పుడును అమ్ముడుపోవుచుండెను, అయినను అంగడి మూతపడినది. ఎందుకు మూతపడినదో ఆయనకు కడవరకు తెలియలేదు. దిష్టి తగిలినదని మా అమ్మగారును, అన్నదమ్ముల అసూయ అని మా నాయనగారును చెప్పుకొనిరి. ఆయన పోయిన తరువాత అరువు ఖాతా పుస్తకమును విప్పి చూచితిని. సరకు వెల ఉన్నది, అమ్మిన వెల ఉన్నది, రావలసిన బాకీలున్నవి. అద్దె ఎక్కడను లేదు, అమ్మ చాకిరి లేదు, ఎలుకలు తిన్న బియ్యము లేదు, ఆరు నెలలు ఇతరుల యింట నిలిచిపోయిన సొమ్మునకు వడ్డీ లేదు.

కళాశాలలో ఈ లెక్కను మొదటి నెలలోనే చెప్పుదురు. ఒకరు మురుకులు చేసి అమ్మ దలచినారనుకొనుడు. గది అద్దె నెలకు 6,000 రూపాయలు, ఇద్దరి కూలి 18,000. అమ్మినను అమ్మకున్నను ఈ 24,000 రూపాయలు తప్పవు. పొట్లము వెల 40 రూపాయలు. పిండి, నూనె, గ్యాసు, సంచి కలిసి పొట్లమునకు 28 రూపాయలు. మిగులు 12 రూపాయలు. 24,000ను 12తో భాగింపగా 2,000 పొట్లములు. నెలకు 25 దినములు పని జరిగిన దినమునకు 80 పొట్లములు. 80వ పొట్లము అమ్ముడగువరకు ఆ అంగడివాడు గది యజమానికిని కూలివారికిని పనిచేయుచున్నాడు. 81వ పొట్లమునుండియే తనకు. ఇదంతయు మన ఏడవ తరగతి భాగహారమే! ఈ భాగహారమును మా నాయనగారికి ఒక్కరైనను చెప్పియుండిన, అంగడి నిలిచెడిదని చెప్పజాలను గాని, రెండేండ్లు ముందే మూసి అప్పులు తప్పించుకొనెడివారు.

ఇట్లే కొనువాడెవడో ముందు తెలిసికొనుట, నలుబది మందిని అడిగి వచ్చి వారి మాటలను వ్రాయుట, బ్యాంకువాడు అడుగు ప్రశ్నలకు ముందే సమాధానము సిద్ధపరచుకొనుట, పన్నుల నమోదు, భాగస్వామ్యపు ఒప్పందము, ఇవన్నియు పాఠములలో ఉన్నవి. పూలమండీ తండ్రిగారికి ఇందులో కొన్ని చేతివ్రేళ్లపై ఉండవచ్చును. అన్నియు ఉండవు.

ఇక కానిది. చాలచోట్ల ఈ పాఠమును ఏనాడును ఒక పొట్లమైనను అమ్మి ఎరుగనివారు చెప్పుచున్నారు. పరీక్షలో ‘వ్యవస్థాపకుని పది లక్షణములు వ్రాయుము’ అని ప్రశ్న. పిల్లవాడు పదియు వ్రాసి పది మార్కులు తెచ్చుకొనును, బజారున ఒక సబ్బు అమ్మలేడు. ఆలోచనల పోటీలని పెట్టుదురు, అట్టపై పెద్ద చెక్కు వ్రాసి ఫొటో తీయుదురు, మరునాడు అందరును మరచిపోవుదురు. ఈతను నల్లబల్లపై నేర్పుట వంటిదిది. నేను బడిపంతులను కావున ఈ దోషమును చెప్పుటకు నాకు అధికారము కలదు, మా వృత్తిలోని పాత రోగమే ఇది.

ఇతర దేశములలో దీనిని నిష్కర్షగా పరీక్షించి చూచినారు. హాలెండులోని ఒక కళాశాలలో విద్యార్థులచేత సంవత్సరముపాటు చిన్న కంపెనీలను నడిపించిరి. పిల్లల నేర్పు చెప్పుకోదగినంత పెరుగలేదనియు, వ్యాపారము పెట్టవలెనను కోరిక తగ్గినదనియు 2010లో ఆ పరిశోధకులు ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన మరియొక పరిశీలనలోను కోరిక కొంత తగ్గినట్లే కనబడినది, కాని అక్కడి విద్యార్థులు తమ నేర్పు పెరిగినదని చెప్పిరి, తమకు ఏది తగునో మునుపటికన్న స్పష్టముగా తెలిసికొనిరి. దీనిని చూచి ఈ విద్య వ్యర్థమని కొందరనిరి. నేనట్లు తలంపను. ఇరువదవ యేట తరగతిగదిలో ‘ఇది నాకు తగదు’ అని తెలిసికొనుట, నలుబదవ యేట ఇల్లు అమ్ముకొని తెలిసికొనుటకన్న మేలు కాదా?

ఆఫ్రికాలోని టోగో దేశమున జరిగిన పరిశీలన ఇంకను ముఖ్యమైనది. రాజధాని లోమే నగరములోని 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు భాగములు చేసి, ఒక భాగమునకు జమాఖర్చులు, అమ్మకము మొదలగు వాడుక వ్యాపారపాఠములు చెప్పిరి. రెండవ భాగమునకు తానే ముందడుగు వేయుట, ఇతరులు చేయనిదానిని వెదకుట, అడ్డంకి వచ్చిన నిలుచుట నేర్పిరి. మూడవ భాగమునకు ఏమియు చెప్పలేదు. 2017లో వెలువడిన ఫలితము ప్రకారము, రెండవ భాగమువారి లాభము ఏమియు నేర్వనివారి లాభముకన్న నూటికి 30 వంతులు పెరిగినది. మొదటి భాగమువారి లాభమున నమ్మదగిన పెరుగుదల కనబడలేదు. కాకినాడ వ్యాపారులచేత కథలు వ్రాయించినవాని మాటకు అర్ధశతాబ్దము తరువాత దొరకిన సాక్ష్యమిది. ఐనను మా నాయనగారి ఖాతాపుస్తకమును చూచినవాడను కావున, జమాఖర్చులు అక్కరలేదని మాత్రము నేను ఒప్పుకొనను.

“జి. డి. నాయుడుగారు ఏ కాలేజీలో చదివినారు?” అని మీలో ఎవరైన అడుగుదురని నాకు తెలియును. మన తమిళనాట తెలుగువారు సగర్వముగా చెప్పుకొను పేరది. కోయంబత్తూరు సీమలో తెలుగు మాటలాడు రైతుకుటుంబమున 1893లో జన్మించి, చదువును చిన్ననాడే మాని, హోటలులో పనిచేసి, 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ల నడుమ బస్సు నడిపి, తుదకు పెద్ద రవాణా సంస్థకును యంత్రపరిశ్రమలకును అధిపతి అయినవారాయన. నిజమే. కాని ఆయన జీవితపు రెండవ సగమును మనవారు చెప్పరు. బడి మానిన ఆ మనుష్యుడే 1945లో కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయ స్థాపనకు పూనుకొనిరి. నాలుగేండ్ల చదువు కాలహరణమనియు, చేతిపనితో నేర్పిన రెండేండ్లు చాలుననియు వాదించిరి. ప్రభుత్వము అంగీకరింపకపోగా ప్రధానాచార్య పదవిని విడిచిరి. ఆయన కోరినది విద్య వద్దని కాదు, విద్య పనిలోనికి దిగవలెనని. కళాశాలలు ఈనాటికిని ఆయనకు బాకీపడియున్నవి.

మూడవ ప్రశ్న అన్నింటికన్న కష్టమైనది, ఏలననగా ఇందులో నా దోషమొకటి ఉన్నది.

ఇరువది యేండ్ల క్రిందట మన పూర్వవిద్యార్థి ఒకడు, మెకానికల్ డిప్లొమా ముగించినవాడు, నాయొద్దకు వచ్చెను. తండ్రి లేతు వర్కుషాపులో కూలి. నాలుగు వారముల వ్యవస్థాపక శిక్షణకు దరఖాస్తు పెట్టుటకు నడవడి పత్రము కావలెనని అడిగెను. నేను సంతకము చేయుటకు బదులు ఉపన్యాసము చేసితిని. “మన వంటి ఇండ్లవారికి ఇవి ఎందుకయ్యా? మన భాషవారికి ఇక్కడ వెనుక నిలిచేవాళ్లెవరు? రైల్వే పరీక్ష వ్రాయి, బ్యాంకు పరీక్ష వ్రాయి” అని పంపితిని. గురువు మాటయని అతడు శిరసావహించి ఆరు సంవత్సరములు పరీక్షలు వ్రాసెను. పిదప వయోపరిమితి దాటినది. ఇప్పుడొక కర్మాగారములో కంట్రాక్టు పనివాడు. ఆ మధ్య ఒక పెండ్లిలో కలిసి, నన్ను ఒక్క మాటయు అనక, తన కొడుకును మన బడిలో చేర్చుకొందురా అని మాత్రము అడిగెను. చేర్చుకొంటిని. ఆ శిక్షణకు పోయిన అతడు వర్కుషాపు పెట్టియుండెడివాడని నేను చెప్పజాలను. పెట్టి చెడిపోయియుండవచ్చును. కాని వలయమును విసరవలసినవాడు అతడు. ఎక్కడ నిలువవలెనో నేను నిర్ణయించితిని, అదియు గూటమునకు ఆనించి.

ఉద్యోగము తక్కువదని నేననను. ఉద్యోగము లేనిదే నేను మీ ముందు నిలిచియుండను. పిల్లలందరును వ్యాపారమున దిగవలెనని చెప్పు కొత్త ప్రచారకులయందును నాకు నమ్మకము లేదు. వ్యాపార ప్రయత్నము కొరకు చదువునకు ఒక సంవత్సరము విరామము తీసికొనవచ్చునని 2019 నాటి కేంద్ర విధానము కళాశాలలకు సూచించినది. ధనవంతుల యిండ్లకు అది సరిపడును. మన యిండ్లలో ఒకమారు విడిచిన చదువు మరల చేతికి రాదు, కావున పట్టా ముగియనిండు. ఇంటిపత్రమును తాకట్టు పెట్టి పిల్లవాని మొదటి ప్రయత్నమునకు సొమ్ము ఈయకుడు. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకమువంటివి ఉన్నవి, వాటిలో ఋణమునకు తోడు సబ్సిడీయు, శిక్షణయు కలవు. ముందు అటువైపు చూడుడు.

మన పిల్లలు కళాశాలలో ఎక్కడ వెనుకబడుదురో నాకు తెలియును. లెక్కలో కాదు. లేచి నిలిచి ఐదు నిమిషములు తన ఆలోచనను ఇంగ్లీషున చెప్పుమన్నప్పుడు తెలుగు మాధ్యమమున చదివినవాని గొంతు ఆరిపోవును. ప్రక్కవాడు సగము తెలిసినదానిని చక్కగా చెప్పి కూర్చుండును, మనవాడు పూర్తిగా తెలిసినదానిని మింగి కూర్చుండును. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ముందు తెలుగున వ్రాసి, తెలుగున నలుగురికి చెప్పి, పిదప ఇంగ్లీషునకు మార్చుకొనవలెను. భావము తెలుగున నిలిచినవానికి ఇంగ్లీషు మాటలు వెనుకనుండి వచ్చును. మరి మన ఊరి పిల్లకు ఇంట తెలుగు, సంతలో కన్నడము, కార్యాలయములో తమిళము వచ్చును. 2006 నాటి చట్టము తరువాత బడిలో తమిళము తప్పనిసరియై మన పిల్లలు పడిన అవస్థను నేను తక్కువచేసి చెప్పను, ఆ అవస్థను నేనే దినదినము చూచితిని. కాని బెంగుళూరు పూల దళారితోను, ధర్మపురి రైతుతోను, మదనపల్లె వర్తకునితోను వారి వారి భాషలలో బేరము చేయగల పిల్లవాడు కళాశాలలో వెనుకబెంచీలో తల వంచుకొని కూర్చుండుట చూచిన నా మనస్సు చివుక్కుమనుచున్నది.

పూలమండీ తండ్రిగారికి ఆనాడు నేను, “పాఠము ఉండనిండు, తీసివేయకుడు” అని మాత్రము చెప్పి పంపితిని. అది చాలదు. ఈ సభలో ఉన్న ఆయనతో ఇప్పుడు చెప్పుచున్నాను. అయ్యా, అమ్మాయి కళాశాలలో ఆ పాఠము చదువనిండు. ఆ పాఠము చెప్పువారెవరో, పిల్లలను బజారునకు పంపుదురో లేదో ఒకసారి పోయి అడుగుడు. అడుగుటకు మీకు హక్కున్నది. దానికన్న ముఖ్యమైనది ఇంకొకటి. సెలవులలో ఆమెను మండీకి తీసికొనిపోయి మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మీ ఖాతాపుస్తకమును ఆమె చేతికిండు. ఆడపిల్లకు లెక్క చూపరాదను పాత అలవాటును విడువుడు. వాడిపోయిన గులాబీల నష్టము ఎవరి లెక్కలో పడుచున్నదని ఆమె అడుగవచ్చును. ఆ ప్రశ్న కష్టముగా ఉండిన కోపగింపకుడు.

మన బడి చేయగలది చిన్నది, చెప్పెదను. రాబోవు విద్యాసంవత్సరమునుండి తొమ్మిదవ, పదునొకండవ తరగతులవారికి శనివారము ఒక గంట జమాఖర్చుల వ్రాత, వెల కట్టుట నేర్ప దలచితిమి. పుస్తకములోని ఊహాలెక్కలతో నాకు పని లేదు. తమ అంగడి, తోట, మగ్గము, లేతు, టిఫిన్ బండి యొక్క నిజమైన లెక్కలను పిల్లలకు రెండు వారములు చూపుటకు సమ్మతించు తల్లిదండ్రులు పదిమంది కావలెను. లాభమున ఉన్నవారే రానక్కరలేదు. అంగడి మూసినవారు వచ్చిన ఇంకను మంచిది, మా నాయనగారి పుస్తకమును నేను మొదటి శనివారము తెచ్చెదను. పేరులు ఈయ దలచినవారు సభ ముగిసిన పిదప కార్యాలయములో గుమాస్తాగారియొద్ద వ్రాయింపవలెనని కోరుచున్నాను.